నర్సయ్య పట్టిన పురుగు

తెల్లవారుజామున నాలుగున్నర. గాలి లేదు. సముద్రం వైపు నుంచి వచ్చిన తేమ రూమ్ కిటికీ అద్దం మీద పేరుకుని చెమటలా కారుతోంది. నర్సయ్యకు ఆకలి వేసింది.

నర్సయ్యకు ఆకలి వేస్తే అది రూమ్ మొత్తానికీ తెలియాల్సిందే. ముందు స్టీలు పళ్లెం చప్పుడవుతుంది. తర్వాత రాత్రి మిగిలిన ఖుబూస్ రొట్టెల కవరు గరగరమంటుంది. ఆ తర్వాత ఊరగాయ డబ్బా మూత. ఆ డబ్బా నాది.

“ఉల్లిగడ్డ ఒకటుండె గదనే. ఎవ్వడు తిన్నడు?”

“నువ్వే తిన్నవ్ రాత్రి. పండుకో జర,” అన్నాను దుప్పటి ముసుగులోంచే.

“నేను తింటే నాకెర్క ఉండదా?”

“నీకు నీ పేరే సక్కగ ఎర్క లేదు. ఉల్లిగడ్డ ఎట్ల ఎర్కుంటది?”

పై మంచం మీద ఖాదర్‌వలి కిసుక్కుమన్నాడు. నర్సయ్య పళ్లెం ముందేసుకున్నాడు. ఉల్లిగడ్డ లేకుండానే నా ఊరగాయతో రెండు రొట్టెలు తిని, చేతులు లుంగీకి తుడుచుకుని, అందరికంటే ముందు బాత్‌రూమ్‌లో దూరాడు. ఇంక అతను బయటికి వచ్చేదాకా మిగతావాళ్లం లైన్లో నిలబడాలి.

ఇది రోజూ ఉండేదే. ఆ రోజు సంగతే ఎందుకు ఎత్తానంటే, ఆ రోజే అతను పురుగును పట్టాడు.

నర్సయ్యది మా జగిత్యాల పక్క ఊరు. యాభై దాటిన మనిషి. పొట్టి. పుట్టుకతోనే వీపు మీద చిన్న గూని ఉంది కాబట్టి నిలబడినా ఏదో పారేసుకున్నట్టు నేల చూస్తూ ఉంటాడు. పనిమంతుడా అంటే అదీ కాదు. పార ఇస్తే పార మీద ఒరుగుతాడు, గోడ కనబడితే గోడకు ఒరుగుతాడు. ఏ సంగతి ఎత్తినా “గది నాకెర్కనే” అంటాడు. ఫోన్ ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడు. చెవికి పెట్టుకుంటే చెవి కాలుతుందట. దానివల్ల అతని ఇంటి సంగతులన్నీ మాకు మా ఇంటి సంగతులకంటే బాగా తెలుసు. వాళ్ల బర్రె ఎప్పుడు ఈనిందో చెప్పమంటే నేను చెప్పగలను.

ఇక పేరు సంగతి. ఒమన్ కాగితాల్లో అతను నర్సయ్య కాదు, ఓంకార్. ఓంకార్ అంటే అతని తమ్ముడు. నర్సయ్య మొదటిసారి ఈ దేశం వచ్చినప్పుడు కంపెనీ వదిలి పారిపోయాడు. ఎక్కడెక్కడో దాక్కుని పనిచేసి, పట్టుబడి, జైల్లో ఉండి, ఔట్‌పాస్ అనే తిరుగు ప్రయాణం కాగితం మీద ఇంటికి పోయాడు. మళ్లీ రానివ్వం అని ముద్ర వేశారు. ఊళ్లో కొన్నాళ్లు ఖాళీగా కూర్చున్నాక తమ్ముడి పేరు మీద పాస్‌పోర్టు తీసి, దాని మీద తన ముఖం పెట్టుకుని తిరిగి వచ్చాడు. అప్పట్లో ఇట్లాంటివి నడిచేవి. వేలిముద్రలు అడిగే రోజులు వచ్చేసరికి అతని వేళ్లు కూడా ఓంకార్ పేరు మీదే పడ్డాయి. ఇట్లా వచ్చినవాళ్లు మా దిక్కు ఇంకా ఉన్నారు. వాళ్లు అన్నం తింటారు, డ్యూటీ చేస్తారు, పడుకుంటారు. పేరు గురించి ఏడవరు.

నర్సయ్య ఏడుపు వేరు. కంపెనీలో అతను ఓంకార్. జేబులో ఉండే బతాకా మీద ఓంకార్. ఆ కార్డు లేకుండా ఈ దేశంలో రోడ్డు కూడా దాటలేం. ఊళ్లో ఓట్ల జాబితాలోంచి నర్సయ్య పేరు ఎప్పుడో కొట్టేశారు, మనిషి లేడని. ఇక మిగిలింది భార్య కమలవ్వ. మా దిక్కు పాతకాలపు ఆడవాళ్లు మొగుడి పేరు నోట పలకరు. ఆమె కూడా ఫోన్‌లో “ఓ, ఇంటున్నవా” అంటుంది తప్ప పేరు అనదు. అంటే భూమి మీద నర్సయ్యను నర్సయ్యా అని పిలిచేది మా రూమ్‌లో ఉన్న మేమే. మేము కూడా తిట్టడానికే పిలిచేవాళ్లం.

మా సైట్ ఖురియాత్ వెనక కొండల్లో. కొండ కింద నుంచి ఊరి ఖర్జూరం తోటలకు నీళ్లు తెచ్చే పాత సొరంగం కాలువ ఉంది. ఇక్కడివాళ్లు దాన్ని ఫలజ్ అంటారు. పైనుంచి దిగడానికి మధ్యమధ్యలో బావుల్లాంటి గుంతలు ఉంటాయి. తాడు కట్టిన గంపలో దిగి, లోపల పేరుకున్న బురద ఎత్తి, రాలిన రాళ్లు మళ్లీ కూర్చి, గోడలకు పూత వెయ్యాలి. బయట ఎండలో ఇనుము ముట్టుకుంటే చెయ్యి అంటుకుపోతుంది. లోపల మాత్రం చల్లగా, మోకాళ్ల దాకా నీళ్లు. ఒక్కటే బాధ, సొరంగం ఎత్తు తక్కువ. కాసేపు వంగి పనిచేసి పైకి వస్తే నడుము లేవదు. నర్సయ్యకు ఆ బాధ లేదు. అందుకని ఖాదర్‌వలి రోజూ అతన్నే ముందు దింపేవాడు. ఖాదర్‌వలి కడప మనిషి. మాకు డ్రైవరూ అతనే, ఫోర్‌మనూ అతనే. ఎందుకంటే మాలో అరబీ వచ్చేది అతనికే.

“దిగు నర్సన్నా,” అనేవాడు తాడు పట్టుకుని. “నీ వీపు కొలత తీసుకోని తవ్వినట్టుండాది సొరంగం.”

ఆ సొరంగంలోనే ఉండేవి ఆ పురుగులు. కప్పుకు గుంపుగా అతుక్కుని ఉండేవి. సాలీడు అనుకుంటే సాలీడు కాదు, మిడత అనుకుంటే మిడత కాదు. వీపు ఒంటె మూపురంలా పైకి లేచి ఉంటుంది. మీసాలు ఒంటికంటే పొడుగు. రెక్కలు లేవు. కీచురాయి జాతే అని తర్వాత చెప్పారు. కీచురాయికి ఉన్న ఒకే ఒక్క గొప్ప దాని కూత. రెక్కలు లేవు కాబట్టి దీనికి అదీ లేదు. లైటు పడితే పారిపోయే తెలివి కూడా లేదు, నేరుగా మన ముఖం మీదికే దూకుతుంది. తిండి దొరక్కపోతే ఒకదాని కాలు ఒకటి తింటుంది. ఇంత అసహ్యమైన పుట్టుక నేను ఎక్కడా చూడలేదు. మేం దాన్ని గూని పురుగు అనేవాళ్లం. నర్సయ్య పక్కన ఉంటే ఆ మాట ఇంకొంచెం గట్టిగా అనేవాళ్లం. అతను తాపీ తిరగేసి వాటిని గోడకు కొట్టి చంపేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం కాకముందే సైట్‌కు తెల్ల జీపు వచ్చింది. మస్కట్‌లో అల్ ఖువైర్ దగ్గర ఏదో ఆఫీసులో పనిచేసే ఒమానీ మేడమ్ దిగింది. పేరు నాదియా. ఇక్కడి పురుగుల మీద ఆమె చదువట. పురుగుల మీద చదువు! మా ఊళ్లో ఆరో తరగతిలో బడి మాన్పించినప్పుడు నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె వెంట షరీఫ్ వచ్చాడు. అతను మా అర్బాబ్ మనిషి. అర్బాబ్ అంటే మా యజమాని. మా వీసా కాగితాలు, పాస్‌పోర్టులు అన్నీ అతని చేతిలోనే ఉంటాయి. మేడమ్ ఏదో అడిగింది. ఖాదర్‌వలి గుంత మీదికి వంగి అరిచాడు.

“నర్సన్నా! లోపల మూపురం ఉండే పురుగేమన్నా కనబడిందా అంటాండాది మేడమ్!”

“గూని పురుగా? మస్తుగున్నయ్! పొద్దటి నుంచి ఎన్ని సంపిన్నో!”

“సంపిన మాట గూడా చెప్పేదా?”

“అయ్యో, జెప్పకే!”

నర్సయ్య అంతటితో ఊరుకుంటే అయిపోయేది. షరీఫ్ ముందు మంచివాడు అనిపించుకోవాలి కదా. తన మధ్యాహ్నం తిండికి తెచ్చుకున్న లబన్ డబ్బా మూత తీసి, మజ్జిగంతా గటగటా తాగి, ఖాళీ డబ్బాలో ఒక పురుగును బతికి ఉండగానే పట్టాడు. గంపలో పైకి వచ్చాడు. ఒళ్లంతా బురద, మూతి మీద తెల్లటి మజ్జిగ మీసం. డబ్బాను రెండు చేతులతో ప్రసాదం ఇచ్చినట్టు ఇచ్చాడు.

మేడమ్ డబ్బాలోకి చూసింది. అంత శుభ్రమైన బట్టలతో బురదలోనే కూర్చుండిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఖాదర్‌వలి వైపు చూశాను, అతను నా వైపు చూశాడు. చదువు ఎక్కువైతే మనిషి ఇట్లా అవుతుంది అనుకున్నాం.

ఆమె తల ఎత్తి నర్సయ్యను హిందీలో అడిగింది, “తుమ్హారా నామ్?”

“ఓంకార్,” అన్నాడు నర్సయ్య.

రెప్ప కూడా వెయ్యలేదు. శుభ్రమైన బట్టలు వేసుకున్న మనిషి ఈ దేశంలో ఎవరు అడిగినా అతని నోట వచ్చేది అదే. పోలీసు అడిగితే ఓంకార్, డాక్టర్ అడిగితే ఓంకార్. నిద్రలో లేపి అడిగినా ఓంకారే. అట్లా అలవాటు చేసుకోకపోతే ఇన్నేళ్లు ఉండేవాడు కాదు. ఆ అలవాటే అతని మెడకు చుట్టుకుంది.

మేడమ్ ఫోన్‌లో పేరు కొట్టుకుని, నర్సయ్యను నిలబెట్టి ఫోటో తీసి, ఖాదర్‌వలితో చాలాసేపు చెప్పింది. అతను మాకు తెలుగులో చెప్పాడు. ఇట్లాంటి పురుగును ఇంతవరకు ఎవరూ లెక్కలో ఎక్కించలేదని ఆమె అనుకుంటోంది. చూసి, పోల్చి, అదే నిజమని తేలితే దానికి కొత్త పేరు పెట్టాలి. దొరకబట్టిన మనిషి పేరు పెట్టాలని ఆమెకు ఉంది. అట్లా పెట్టిన పేరు ఇంక ఎవరూ తీసెయ్యలేరు. లోకంలో ఉన్న పురుగుల పుస్తకాలన్నింట్లో అదే ఉంటుంది.

“ఎవ్వరి పేరు పెడ్తదట?” నర్సయ్య అడిగాడు.

“నీ పేరే.”

“నా పేరా?”

“ఓంకార్ అని ఇప్పుడే చెప్పినావు కదప్పా.”

నర్సయ్య నోరు తెరిచి అట్లాగే నిలబడ్డాడు. జీపు వెళ్లిపోయి, దుమ్ము అణిగినా మూయలేదు.

సాయంత్రం రూమ్‌లో స్పీకర్ పెట్టి కమలవ్వకు ఫోన్ చేశాడు.

“లోకంల ఉన్న బుక్కులల్ల నా పేరు ఎక్కుతదట. పురుగుకు నా పేరు పెడ్తరట.”

“పురుగుకా? థూ! ఏం పురుగు?”

“కీచురాయి అసొంటిది. మంచిదే. ఏమనది.”

ఆమె తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది. తర్వాత మెల్లగా అడిగింది. “నీ పేరంటే… నీ పేరేనా?”

“అవ్, నా పేరే,” అన్నాడు నర్సయ్య.

ఫోన్ పెట్టేశాక నేను ఊరుకోలేదు. “అబద్ధం ఎందుకాడినవ్? ఓంకార్ పేరు గదా పెట్టేది?”

“మేడమ్ మల్ల వస్తది. అప్పుడు అసలు పేరు జెప్త.”

“ఏమని? దొంగ పాస్‌పోర్టు మీద వచ్చిన అనా?”

ఖాదర్‌వలి మంచం దిగి వచ్చి అతని ఎదురుగా కూర్చున్నాడు. “చూడు నర్సన్నా. నువ్వు నోరు తెరిస్తే నిన్ను జైల్లో ఏస్తారు. అర్బాబ్‌ను అడుగుతారు. ఫోర్‌మన్ ఎవడంటే నన్ను అడుగుతారు. పురుక్కి పేరు కోసం ఇంతమందిని ముంచుతావా?”

“పురుగుకు గాదే. నాకు.”

“ఏమి నీకు?”

“నా పేరు ఏడన్న ఒక్కకాడ ఉండద్దా?”

ఆ మాటకు మేం అందరం నవ్వాం. నవ్వు రాకుండా ఎట్లా ఉంటుంది? తెల్లారి లేస్తే ఊరగాయ దొంగతనం చేసే మనిషికి పుస్తకాల్లో పేరు కావాలట.

అక్కడి నుంచి అసలు కష్టం మాకు మొదలైంది. పురుగులు ఉన్న సొరంగం భాగంలో పూత వెయ్యొద్దని, ఎవరూ దిగొద్దని మేడమ్ ఆఫీసు నుంచి మాట వచ్చింది. చల్లటి పని పోయింది. మమ్మల్ని తోట పక్కన ఎండలో రాతిగోడ కట్టడానికి తోలారు. రాళ్లు మోసి మోసి అరచేతులు పొక్కులెక్కాయి. ఒక్క మనిషికి మాత్రం సొరంగంలోకి దిగడానికి అనుమతి, పురుగులు బతికి ఉన్నాయో లేదో చూసి రావడానికి. ఆ మనిషి ఎవరో చెప్పక్కరలేదు.

ఎండలో మేం రాయి మీద రాయి పెడుతుంటే నర్సయ్య గంపలో కూర్చుని చల్లగా దిగిపోయేవాడు. మూతకు చిల్లులు పొడిచిన లబన్ డబ్బా చంకలో ఉండేది. అందులో ఖర్జూరం ముక్కలు. నిన్నటిదాకా తాపీతో కొట్టి చంపినవాటికే ఇప్పుడు మేత. పైకి వచ్చాక మాకు కథలు చెప్పేవాడు.

“ఒకటి పొట్టు ఇడిసిందిరా ఇయ్యాల. తెల్లగ, పాలలెక్క ఉన్నది. మల్ల తన పొట్టు తనే తిన్నది.”

“నువ్వు గూడ ఇడిసి తిను. మా ఊరగాయ మిగులుతది,” అన్నాను.

“నీకేం ఎర్కరా దాని సంగతి?”

“నీకు బాగ ఎర్క. ఒక్క కడుపుల వుట్టిండ్రు.”

అతనికి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. పళ్లు బయటపెట్టి నవ్వాడు. ఇంక మేం ఎంత తిట్టినా తగలని చోట ఉన్నాడు అతను. మాకు అదే ఎక్కువ మండింది.

చలికాలం వచ్చాక మేడమ్ మళ్లీ వచ్చింది. ఆ పొద్దున నర్సయ్య గడ్డం గీసుకున్నాడు, తలకు నూనె రాశాడు, పండక్కి దాచుకున్న చొక్కా వేసుకున్నాడు. దారి పొడుగునా ఖాదర్‌వలిని బతిమాలాడు.

“దొంగ పాస్‌పోర్టు అనకు. ఇంట్ల ముద్దుగ నర్సయ్య అంటరు, గదే పెట్టుండ్రి అని జెప్పు. గంతే. నీ కాల్మొక్త.”

“సరేలే, చెప్తాలే,” అన్నాడు ఖాదర్‌వలి స్టీరింగ్ మీద నుంచి కళ్లు తిప్పకుండా.

సైట్‌లో మేడమ్, షరీఫ్ ఇద్దరూ నిలబడి ఉన్నారు. నర్సయ్య చేతులు కట్టుకుని ఖాదర్‌వలి పక్కన నిలబడ్డాడు. ఖాదర్‌వలి అరబీలో ఏదో చెప్పాడు. మేడమ్ నవ్వి, తల ఊపి, బదులు చెప్పింది. నర్సయ్యకు అరబీ రాదు. కానీ ఎంత రానివాడికైనా తన పేరు వినబడుతుంది కదా. ఆ మాటల్లో అది లేదు.

“నా పేరు రాలేదేందే నీ మాటల?” అన్నాడు గొంతు తగ్గించి.

“ఇంకా పురుగులు కావాల్నా అని అడిగినా. వద్దంట. ఊరుకో ఇంక.”

మేడమ్‌కు ఏదో అనుమానం వచ్చినట్టుంది. ఆమె మంచి మనిషే, ఆ మాట నిజం. నర్సయ్య వైపు తిరిగి హిందీలోనే మెత్తగా అడిగింది, “క్యా హై, ఓంకార్?”

హిందీ నర్సయ్యకు వచ్చు. ఇన్నేళ్లు పాకిస్తానీలతో, బంగ్లావాళ్లతో కలిసి పని చేసినవాడికి రాకుండా ఉంటుందా? మేరా నామ్ నర్సయ్య. మూడు మాటలు, నాలుగోది అక్కరలేదు. ఆమె ఎదురుచూస్తోంది. అతను నోరు తెరిచాడు. తెరిచి, షరీఫ్ చేతిలో ఉన్న తోలు సంచి వైపు చూశాడు. మా పాస్‌పోర్టులు ఉండే సంచి అది.

“కుఛ్ నహీ, మేడమ్.”

అంతే. నూనె రాసుకున్న తల వంచుకుని గంప దగ్గరికి నడిచాడు. రెక్కలు లేని పురుగు కూత వెయ్యలేదంటే దానికి ఒక అర్థం ఉంది. గొంతు ఉండి, మాట ఉండి, అడిగే మనిషి ఎదురుగా ఉండి ఏమీ అనలేనివాణ్ని ఏమనాలి? ఆ రోజు డ్యూటీ అయ్యేదాకా అతను సొరంగంలోంచి పైకి రాలేదు. రమ్మని మేం కూడా పిలవలేదు.

ఎండలు ముదిరేసరికి పేరు తేలిపోయింది. మేడమ్ ఫోటో పంపింది. గూని పురుగు పెద్దగా చేసిన బొమ్మ, పక్కన గంపలో బురద కారుతున్న నర్సయ్య. ముఖం సరిగా కనబడదు, హెల్మెట్ నీడ పడింది. కింద ఇంగ్లీషులో పురుగు పేరు. ఖాదర్‌వలి కూడబలుక్కుని చదివాడు. ముందు ఏదో నోరు తిరగని మాట, దాని వెనక ఓంకారి.

ఆ ఫోటో ఇక్కడి తెలుగువాళ్ల ఫోన్లన్నీ తిరిగి, సముద్రం దాటి, నర్సయ్య ఊరికి చేరింది. మర్నాడే తమ్ముడు ఓంకార్ వీడియో కాల్ చేశాడు. స్పీకర్ మామూలే. మేం అన్నం గిన్నెల చుట్టూ కూర్చుని ఉన్నాం. ఓంకార్ మెడలో పూలదండ, భుజం మీద శాలువా.

“అన్నా! సూసినవా? లోకమంత నా పేరు మోగుతున్నది! పంచాయితి కాడ శాలువ గప్పిండ్రు!”

“పురుగును పట్టింది నేను గదరా,” అన్నాడు నర్సయ్య.

“పడ్తె పట్టినవ్. పేరు నాదే గదనే! నా పేరు లేకుంటే నువ్వు ఏడికెళ్లి ఒమన్ పోతుంటివి? రాళ్లు గొట్టుకుంట ఈడ్నే ఉంటుంటివి.”

వెనక ఎవరో “ఓంకారన్నకు జై” అని అరిచారు. మేం పగలబడి నవ్వాం. ఖాదర్‌వలికి పొలమారి నీళ్లు తాగాల్సి వచ్చింది. “పేరు వానిది, గూని నీది! సగం సగం పంచుకున్నారప్పా అన్నదమ్ములు!” అన్నాడు దగ్గుతూనే. నర్సయ్య ఫోన్ బోర్లించి అన్నం కలుపుకున్నాడు. ఆ రోజు కూడా అందరికంటే ఎక్కువే తిన్నాడు. సిగ్గు ఉన్నవాడికి ముద్ద దిగదు. అతనికి దిగింది.

శుక్రవారం సెలవు. బట్టలు ఉతుక్కుని తాళ్ల మీద ఆరేస్తుంటే కమలవ్వ ఫోన్ చేసింది. నర్సయ్య ఫోన్ కిటికీలో పెట్టి స్పీకర్ నొక్కి, చొక్కా పిండుతూ మాట్లాడాడు.

“ఓ, ఇంటున్నవా?”

“ఇంటున్న. జెప్పు.”

“నువ్వు నాకెందుకు అబద్ధం జెప్పినవ్? నీ పేరే పెడ్తున్నరని అంటివి.”

నర్సయ్య చొక్కా పిండుతూనే ఉన్నాడు. నీళ్లు అయిపోయినా పిండుతున్నాడు.

“శాలువ గప్పిన కాడ నేను గూడ ఉన్న. మర్ది మైకు వట్టుకోని, నా పేరు మీద పురుగున్నదని జెప్పవట్టిండు. అందరు సప్పట్లు గొట్టవట్టిరి. నాకు పానం ఆగలే. లేసి నిలవడ్డ.”

“నిలవడి?”

“అన్న. ఈయిన ఊరి పొలిమేర గూడ దాటలే, ఈయిన పట్టలే ఆ పురుగును. పట్టింది నర్సయ్య, అన్న.”

ఇక్కడ బట్టలు ఆరేసే మనుషులు కూడా ఆగిపోయారు.

“ఏమన్నవ్?” అన్నాడు నర్సయ్య.

“గదే. పేరు వెట్టి అన్న. అందరు నవ్విండ్రు, మొగని పేరు అన్నదిరో ఇది, సిగ్గు లేదురో అని. నవ్వనీ. మల్లొకసారి అన్న. ఇంటున్నవా?”

నర్సయ్య తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. కిటికీలోంచి ఫోన్ తీసి, స్పీకర్ ఆపేసి, చెవికి పెట్టుకున్నాడు. అతను ఫోన్ చెవికి పెట్టుకోవడం నేను చూడటం అదే మొదలు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత ఆమె ఏమన్నదో మాకు వినబడలేదు. పిండిన చొక్కా బకెట్ అంచు మీదే ఉండిపోయి, ఎండకు ఆ ముడతలతోనే గట్టిపడింది.

శనివారం మేం అందరం ఆలస్యంగా లేచాం. ఖాదర్‌వలి ముందు లేచి వాచీ చూసుకుని బూతులు మొదలుపెట్టాడు. ఇన్నేళ్లుగా మమ్మల్ని లేపేది అలారం కాదు, నర్సయ్య పళ్లెం చప్పుడని అప్పుడు గుర్తుకొచ్చింది. అతని మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది. జీవితంలో ఎన్నడూ దుప్పటి మడత పెట్టని మనిషి. దాని మధ్యలో, అందరికీ కనబడేట్టు, బతాకా.

“యాడికి పోయినాడు వీడు?” ఖాదర్‌వలి బాత్‌రూమ్ తలుపు కొట్టాడు. లోపల ఎవరూ లేరు. “ఓరి నీ పాసుగూల! కార్డు మరిచిపోయినాడే!”

“మరిచి పోయిండా, పెట్టి పోయిండా?” అన్నాను.

మంచం కింద గమ్‌బూట్లు అట్లాగే ఉన్నాయి. సంచీ ఉంది. పండగ చొక్కా లేదు. చిల్లుల మూత ఉన్న లబన్ డబ్బా కూడా లేదు. ఆ డబ్బాతో మస్కట్ రోడ్డు ఎక్కి ఎవరి దగ్గరికి పోతాడో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు. కార్డు లేకుండా దారిలో ఎవరి చేతిలో పడతాడో, ఆ తర్వాత ఎక్కడికి తోస్తారో కూడా తెలిసిందే. ఒకసారి ఆ జైలు కూడు తిని వచ్చిన మనిషి. తెలిసి తెలిసి పోయాడు, అదీ ఒక పురుగుకు పేరు మార్పించడానికి. ఒకసారి పెట్టిన పేరు ఎవరూ తీసెయ్యలేరని మేడమ్ మొదటి రోజే చెప్పింది. ఆ మాట అతను కూడా విన్నాడు. ఇంత బుద్ధి తక్కువ మనిషిని నేను చూడలేదు.

ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. పోతున్న అని కూడా అనలేదు.

డ్యూటీ వేళ దాటేసరికి షరీఫ్ కారు వేసుకుని రూమ్‌కే వచ్చాడు. గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టుకుని అడిగాడు.

“ఓంకార్ కిధర్ హై?”

ఖాదర్‌వలి మంచం మీది కార్డు తీసి అతని చేతిలో పెట్టాడు. “యే రహా ఓంకార్, సాబ్.”

షరీఫ్ కార్డు తిప్పి తిప్పి చూస్తున్నాడు. నాకు ఆకలి వేస్తోంది. అల్మారీలోంచి ఊరగాయ డబ్బా తీశాను. అడుగు కనబడేట్టు నాకి పెట్టి ఉంది. చప్పుడు కాకుండా తినడం కూడా అతనికి వచ్చని ఆ రోజే తెలిసింది.